నూట పదిహేడో నంబరు గడి

త్రేస్య కంప్యూటర్‌లో పేజీలు కట్టడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. కోట్టయంలో నాగంపడం వంతెన దిగగానే ఉండే కురువిల సార్ ప్రెస్సులో కిటికీ పక్క కుర్చీ ఆమెది. పెళ్లి కార్డులు, సహకార బ్యాంకుల నివేదికలు, రబ్బరు నర్సరీల కేటలాగులు, ఏదైనా సరే ఆమె చేతి మీదుగానే అచ్చుకి వెళ్లాలి. అయితే ఆ ప్రెస్సుకి పేరు తెచ్చినవి మాత్రం చర్చి డైరెక్టరీలు. ఒక చర్చి కింద ఉన్న కుటుంబాలన్నిటినీ వరసగా వేసిన పుస్తకం అది. ఇంటికో ఫొటో, దాని కింద ఇంటిపేరు, మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు. పదేళ్లకోసారి వస్తుంది. వచ్చాక ప్రతి ఇంట్లోనూ చేతికందే చోట ఉంటుంది. సంబంధం వెతకాలన్నా అదే, చావు కబురు చెప్పాలన్నా అదే, ఏమీ తోచనప్పుడు ఎవరి కోడలు ఎలా ఉందో చూసుకోవాలన్నా అదే.

ఆ ఏడు చెరుకున్ను చర్చి వాళ్ల పుస్తకం వచ్చింది. నాలుగు వందల పన్నెండు ఇళ్లు. పేజీకి నాలుగు ఫ్రేములు. ఒక్కోటి ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు, ఆరు ఎత్తు. ఆ చర్చి ఫాదర్ కుర్యాకోస్ అచ్చన్ మొదటి రోజే వచ్చి గట్టిగా చెప్పి వెళ్లాడు.

"ఎవరికీ ఒక్క మిల్లీమీటరు ఎక్కువ ఇవ్వొద్దు త్రేస్యా. పోయినసారి ఒక పెద్దమనిషి తన ఇంటికి అరపేజీ కావాలని నా వరండాలో మూడు రోజులు కూర్చున్నాడు. వర్గీసుకీ వారియరుకీ ఒకే కొలత."

"వారియర్లు హిందువులు కదా, మీ చర్చిలో ఎక్కడున్నారు అచ్చో?"

"మాట వరసకి చెప్పానమ్మా."

పని కష్టమైనదేం కాదు, ఓపిక ఉండాలంతే. ముందు ఖాళీ ఫ్రేములన్నీ పేజీల మీద పరిచి, వాటికి నంబర్లు వేసుకుని, ఒక్కో ఫ్రేములోకి ఒక్కో ఫొటో దింపాలి. ఫ్రేము కదలదు. ఫొటోనే లోపల అటూ ఇటూ జరపాలి, పెంచాలి, తగ్గించాలి, తలలు తెగకుండా చూడాలి. ఫొటోలు పంపేవాళ్లకి ఇవేవీ పట్టవు. ఒకరు టీవీ ముందు కూర్చుని తీయించుకుంటే, మనుషుల వెనక క్రికెట్ స్కోరు కనిపిస్తుంది. కువైట్‌లో ఉన్న కుటుంబం కారులో సీటుబెల్టులతో సహా వస్తుంది. ఇంకొకరు పోయిన తాతగారి ఫొటోని కొబ్బరిచెట్టు పైన చందమామలా అతికించి పంపుతారు. త్రేస్య అన్నిటినీ సర్దేది.

నూటపదిహేడు-ఎ, నూటపదిహేడు-బి దగ్గర పని ఆగింది.

రెండూ వల్యపరంబిల్ అనే ఒకే ఇంటిపేరు. ఎ అంటే అవిరాచన్, అరవై ఆరేళ్లు. బి అంటే అతని తమ్ముడు బేబిచ్చన్, అరవై ఒకటి. ఇద్దరూ పంపింది ఒకే ఫొటో. ఆరేళ్ల కిందట వాళ్లమ్మ ఏలియామ్మకి ఎనభై అయిదు నిండిన రోజున తీసింది. పందొమ్మిది మంది. మధ్యలో ముసలమ్మ, ముందు కేకు.

ఇద్దరూ ఫోన్ చేశారు, అరగంట తేడాలో.

"తమ్ముడి వైపు వాళ్లు కనపడకూడదు. అమ్మ మాత్రం ఉండాలి. అమ్మ పేరు కూడా నా ఇంటి కిందే వెయ్యి," అన్నాడు అవిరాచన్.

"అన్నయ్య వైపు కోసెయ్యండి చేచీ. అమ్మని మాత్రం ముట్టుకోవద్దు. పేరు మా కిందే," అన్నాడు బేబిచ్చన్. అతనికంటే త్రేస్య పదిహేనేళ్లు చిన్నది. అయినా పని ఉన్నవాడు ఎవరినైనా చేచీ అని, అంటే అక్కా అనే పిలుస్తాడు.

అన్నదమ్ములకి నాలుగేళ్లుగా మాటల్లేవు. తండ్రి కొన్న రబ్బరు షీట్లు ఒత్తే రోలరు ఎవరిదన్న దగ్గర మొదలై, రోలరు ఉన్న షెడ్డు, షెడ్డుకి వెళ్లే దారి, దారిలో ఉన్న పనసచెట్టు దాకా పాకింది. రోలరు తుప్పు పట్టింది. ఏలియామ్మ ఒక నెల పెద్దాడి ఇంట్లో, ఒక నెల చిన్నాడి ఇంట్లో ఉంటుంది. రెండిళ్ల మధ్య ఆమె కాపురం చేసిన పాతిల్లు తాళం వేసి ఉంది. ఈ సంగతులన్నీ అడక్కుండానే కురువిల సార్ చెప్పాడు. ఆయన భార్యది చెరుకున్నే.

"పోనీలే, ఇద్దరికీ చెరో ముక్క ఇచ్చెయ్. ముసలమ్మ రెండు చోట్లా ఉంటే ఎవడికి నష్టం?" అన్నాడు.

త్రేస్య అలాగే చేయబోయింది. ఫొటోని రెండు ఫ్రేముల్లోనూ దింపి, ఒకదాంట్లో కుడికి, ఒకదాంట్లో ఎడమకి జరిపింది. అప్పుడు తెలిసింది అది తెగే ఫొటో కాదని. ఆ రోజున ఎవరూ కొలతలు వేసుకుని నిలబడలేదు. అవిరాచన్ ఎడమ పక్క కుర్చీలో ఉన్నాడు సరే, అతని ఒళ్లో ఉన్న పసిపిల్ల బేబిచ్చన్ మనవరాలు. అవిరాచన్ భార్య రోసమ్మ మొగుడి దగ్గర లేదు. కుడి చివర తోడికోడలు లిల్లీ భుజం చుట్టూ చెయ్యేసి పగలబడి నవ్వుతోంది. పైగా ఫోన్లలో చేతులు మారి మారి వచ్చిన ఫొటో కదా, కొంచెం పెంచేసరికి మొహాలు గళ్లగళ్లుగా చెదిరిపోతున్నాయి.

అవిరాచన్‌కి ఫోన్ చేసింది.

"అచ్చాయా, మీ వైపు కోస్తే రోసమ్మక్క తెగిపోతుంది. ఆమె అటు చివర ఉంది."

పేర్ల కాగితంలో రోసమ్మ పక్కన ఉన్న సిలువ గుర్తు, తేదీ చూశాక గానీ ఆమె చనిపోయి రెండేళ్లయిందని త్రేస్యకి తెలియలేదు.

"కంప్యూటర్‌లో ఏదైనా చేస్తారటగా. అక్కణ్ణుంచి తీసి నా పక్కన పెట్టు."

"మనిషిని తీయొచ్చు. ఆ చెయ్యి లిల్లీ భుజం మీదుంది. దాన్నెక్కడ పెట్టమంటారు?"

"నన్నడుగుతావేంటి! ఆ పని నీది కదా," అని పెట్టేశాడు.

మంచి కాపీ ఉంటే తప్ప ఏదీ కుదరదు. తీసిన స్టూడియో మూతపడింది. అసలు ఫొటో అన్న దగ్గరుందని తమ్ముడూ, తమ్ముడి దగ్గరుందని అన్నా చెప్పారు. చివరికి లిల్లీ నెమ్మదిగా ఫోన్ చేసి, పెద్ద పటం అత్తగారి మంచం దగ్గర గోడకుందని, ఈ నెల అమ్మచ్చి తమ ఇంట్లోనే ఉందని చెప్పింది. మర్నాడు పది గంటలకి త్రేస్య స్కూటర్ మీద చెరుకున్నుకి వెళ్లింది.

ఏలియామ్మకి తొంభై ఒకటి. తెల్లటి చట్టా రవిక, ముండు పంచె, చెవులకి బరువైన మేక్కామోతిరాలు, మంచం మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఉంది.

"పటం ఎందుకు?"

"పుస్తకంలో వేయడానికి అమ్మచ్చీ. రెండు గంటల్లో తెచ్చిస్తాను."

"పోయినసారి చర్చివాళ్లు మా ఆయన ఫొటో అలాగే పట్టుకెళ్లారు. ఇంతవరకు రాలేదు. ఆయనా రాలేదు." పక్కన ఉన్న కర్ర అందుకుంది. "ఆటో పిలువు. నేను కూడా వస్తా."

లిల్లీ వద్దంది, మోకాళ్ల నొప్పులంది, మందుల వేళంది. ముసలమ్మ అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది.

ఆ విధంగా ఏలియామ్మ పటాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో కోట్టయం ప్రెస్సుకి వచ్చింది. కురువిల సార్ కంగారుపడి తన కుర్చీ ఇచ్చాడు. టీ, పళంపొరి తెప్పించాడు. ఆమె అరటిపండు బజ్జీని రెండు ముక్కలు చేసి, నూనె ఎంత పీల్చిందో చూసి, ఫర్వాలేదన్నట్టు తింది. త్రేస్య పటం వెనక మేకులు విప్పి, ఫొటో బయటికి తీసి, పెద్ద స్కానరులో పెట్టింది. తెర మీదికి వచ్చిన ఫొటోలో ముసలమ్మ చీర అంచు దారాలు కూడా లెక్కపెట్టొచ్చు. ఆ ఒక్కరోజే ఆమె కోడళ్ల మాట విని చీర కట్టింది.

"ఇప్పుడేం చేస్తావ్?"

త్రేస్యకి అబద్ధం చెప్పాలనిపించలేదు. నూటపదిహేడు-ఎ ఫ్రేములోకి ఫొటో దింపి ఎడమవైపు మాత్రమే కనిపించేలా జరిపింది.

"ఇది అవిరాచన్ అచ్చాయన్‌కి."

"బేబీ ఏడీ? లిల్లీ, పిల్లలు? పోయారా?"

"పోలేదమ్మచ్చీ. ఫొటో మొత్తం లోపలే ఉంది. ఫ్రేము చిన్నది కాబట్టి కనపడటం లేదు." త్రేస్య ఫ్రేము అంచు పట్టుకుని కుడికి లాగింది. బేబిచ్చన్ వచ్చాడు, లిల్లీ వచ్చింది, నవ్వుతూ రోసమ్మ వచ్చింది. మళ్లీ మూసింది. వెళ్లిపోయారు.

ముసలమ్మ ఇంకోసారి లాగమంది. లాగింది. మూయమంది. మూసింది.

"వీళ్లిద్దరూ అడిగింది ఇదేనా? అటు వాళ్లని వీడు, ఇటు వాళ్లని వాడు?"

"అవును."

"నేను?"

"మిమ్మల్ని ఇద్దరూ ఉంచమన్నారు."

"ఓహో, కేకు లాగా," అంది ఏలియామ్మ. కురువిల సార్‌కి నవ్వొచ్చి టీ గొంతుకి అడ్డం పడింది. ఆమె నవ్వలేదు. "మరి నా గడి ఏది?"

"మీకు విడిగా లేదమ్మచ్చీ. ఇంటికొకటే."

"నాకు ఇల్లు లేదని ఎవరన్నారు? తాళం వేస్తే ఇల్లు కాకుండా పోతుందా? రేషన్ కార్డు ఆ ఇంటి నంబరు మీదే ఉంది. కార్డుకి పెద్దని నేనే. నెలనెలా బియ్యం నా వేలిముద్ర మీదే ఇస్తున్నారు." ఉన్నట్టుండి త్రేస్య వైపు తిరిగింది. "మీ చర్చి పుస్తకంలో నువ్వెక్కడున్నావ్ అమ్మాయ్? పెళ్లయిందా?"

"లేదు. మా అన్నయ్య ఇంటి కింద ఉన్నాను. చివరి లైనులో."

"ఫొటోలో?"

"ఆ రోజు ఫొటో తీసింది నేనే," అంది త్రేస్య.

ఏలియామ్మ ఆమెని కాసేపు చూసింది. కర్రతో నేల మీద ఒకసారి తట్టి, "అచ్చన్‌కి ఫోన్ చెయ్," అంది.

కుర్యాకోస్ అచ్చన్ రిజిస్టరు తెప్పించుకుని ఫోన్ పెట్టకుండానే పేజీలు తిప్పాడు. నూటపదిహేడు అన్న నంబరు ఏలియామ్మ భర్త పేరు మీద ఉంది. ఆయన పోయాక కొడుకులిద్దరూ ఎ, బి అని వేరు నంబర్లు తీసుకున్నారు గానీ, అసలు నంబరుని ఎవరూ కొట్టేయించలేదు. ఒంటరి మనిషి ఒక కుటుంబం కాదని చెప్పే నియమం కూడా ఎక్కడా లేదు.

"ఒక మనిషికి ఒకే చోటు, అమ్మచ్చీ," అన్నాడు అచ్చన్. "మీ గడి మీకుంటే కొడుకుల గడుల్లో మీరుండరు. సరేనా?"

"అదే కదా నేను చెప్పేది."

"మీ గడిలో ఏ ఫొటో?"

"ఇదే. మొత్తం. నా గడిలో ఎవరుండాలో నా ఇష్టం."

ఇక్కడ కురువిల సార్ అడ్డం పడ్డాడు. పందొమ్మిది మందిని ఎనిమిది సెంటీమీటర్లలో పెడితే ఆవగింజల్లా ఉంటారు, ఫ్రేము పెద్దది చేస్తే అచ్చన్ మాట పోతుంది, రేపు నాలుగొందల ఇళ్లవాళ్లూ ప్రెస్సు ముందు కూర్చుంటారు. ఆయన అన్నదీ నిజమే.

"పెద్దది ఎవరడిగారు? చిన్నగానే ఉండనీ. ఎలాగూ నాకు చూపు ఆనదు. ఉన్నారని తెలిస్తే చాలు," అంది ముసలమ్మ.

త్రేస్యకి ఆ మాట సరిపోలేదు. ఉన్నారని తెలిస్తే చాలదు, కనపడాలి. ముసలమ్మ వెళ్లాక ఆ ఫ్రేము దగ్గరే మధ్యాహ్నమంతా కూర్చుంది. ఒక పక్క ఖాళీ వాకిలి, ఇంకో పక్క ఎవరిదో స్కూటరు, ఇవన్నీ ఫ్రేము బయటికి పంపింది. మొదటి మనిషి మోచెయ్యి ఎడమ అంచుకి, చివరి మనిషి భుజం కుడి అంచుకి ఆనేదాకా ఫొటోని పెంచింది. అయినా ఫొటో అడ్డంగా పొడుగు, ఫ్రేముకి దానికంటే ఎత్తు ఎక్కువ. పైనా కిందా ఖాళీ మిగిలింది. అందరికీ తెల్లగా వదిలే ఆ జాగాకి ఫొటోలోని గోడ రంగే తీసి పూసింది. ఎండకి వెలిసిన పసుపు అది. మొహాల నీడలు కాస్త తేల్చింది. చిన్న ముక్క అచ్చు తీసి చూస్తే ఒక్కో తల బియ్యపుగింజంత ఉంది. కానీ కళ్లు తెలుస్తున్నాయి. ఎవరు నవ్వుతున్నారో తెలుస్తోంది.

కొడుకుల ఫ్రేముల్లో తాత్కాలికంగా చెరో ముక్కా ఉంచి, ముసలమ్మని మాత్రం తప్పించి, ప్రూఫు తీసి, ముందు ముసలమ్మకి పంపి, తర్వాత కొడుకులకి కబురు పెట్టింది. ఏలియామ్మ తన గడి కింద సంతకం అప్పటికే పెట్టి ఉంది. ఒక్కో అక్షరం ఒక్కో వైపు ఒరిగిన సంతకం.

బేబిచ్చన్ ముందుగా వచ్చాడు. చూశాడు. అతని గడిలో లిల్లీ, పిల్లలు, లిల్లీ భుజం మీద చెయ్యేసిన వదిన ఉన్నారు. మనవరాలు లేదు.

"అమ్మ ఇలా చేసిందా?" అన్నాడు.

"అవును."

"ఎవరైనా చెప్పి చేయించారా?"

"మీ అమ్మగారికి ఒకరు చెప్పాలా?"

బేబిచ్చన్ తల గోక్కున్నాడు. "చిన్నప్పుడు మేం ముంతలో జీడిపప్పు కోసం కొట్టుకుంటే ఆవిడ ముంత మొత్తం పక్కింటివాళ్లకి ఇచ్చేసేది," అని, ఫోన్లోంచి పోయిన క్రిస్మస్‌కి తీసుకున్న ఫొటో ఒకటి పంపాడు. మనవరాలు, అల్లుడు, అందరూ ఉన్నారు. "నా గడికి ఇది వెయ్యండి చేచీ." పైనున్న అమ్మ గడికి అడ్డు చెప్పలేదు.

అవిరాచన్ మర్నాడు వచ్చాడు. గొడుగు మడవకుండానే లోపలికొచ్చి, ప్రూఫు లాక్కుని చూసి మండిపడ్డాడు.

"ఇదేంటి! నేను కోసెయ్యమంటే అందర్నీ తెచ్చి నా నెత్తిమీద కూర్చోబెడతావా? తియ్యి ఇది!"

"మీ గడి మీరు చెప్పినట్టే చేస్తాను అచ్చాయా. పైగడి మీది కాదు. దాని తాలూకు మనిషి సంతకం పెట్టింది."

"ఆవిడకి తొంభై ఒకటి!"

"సంతకానికి వయసుతో పనేముంది?"

"కురువిలా! నువ్వు మాట్లాడవేం?"

కురువిల సార్ ఎదుటి గదిలో మిషన్ చప్పుడు వింటున్నట్టు మొహం పెట్టాడు.

అవిరాచన్ కుర్చీలో కూలబడ్డాడు. అతని గడిలో అతను, ఇద్దరు కొడుకులు, ఒళ్లో తమ్ముడి మనవరాలు. భార్య లేదు. చాలాసేపు చూశాక, "రోసమ్మతో కలిసి మేమందరం ఉన్న ఫొటో ఇంకొకటి లేదు. ఎప్పుడూ వంటింట్లోనే ఉండేది. పిలిస్తే వస్తున్నా అనేది," అన్నాడు.

త్రేస్య డ్రాయరు లాగి, అచ్చు చుక్కలు చూసుకునే చిన్న భూతద్దం తీసి అతని ముందు పెట్టింది. పైగడి మీద, కుడి చివర ఎక్కడ ఆనించాలో చూపించింది. అతను కన్ను ఆనించాడు. మొదట ఏమీ కనపడలేదన్నాడు. తర్వాత అద్దాన్ని వెంట్రుకంత జరిపాడు.

"ఎందుకు నవ్వుతోంది?" అన్నాడు చివరికి, తల ఎత్తకుండానే.

"నాకేం తెలుసు అచ్చాయా."

"బేబీ కేకు మీద కొవ్వొత్తి ఊదబోయి అమ్మ కంటే ముందు దగ్గాడు. అందుకు." ముక్కు తుడుచుకున్నాడు. "దీన్ని పెద్దది చెయ్యగలవా? పుస్తకానికి కాదు. గోడకి. రోసమ్మ ఒక్కదాన్నే."

"చేస్తాను. కానీ ఆ చెయ్యి ఉండాలంటే లిల్లీ కూడా వస్తుంది. లేదంటే చెయ్యి కోసెయ్యాలి."

అవిరాచన్ భూతద్దాన్ని మళ్లీ ఆనించాడు.

"రానీ," అన్నాడు.

తన గడికి అతను మూడు ఫొటోలు విడివిడిగా తెచ్చిచ్చాడు. తనదీ, భార్య చనిపోయినప్పుడు కార్డు మీద వేసినదీ, కొడుకులదీ. త్రేస్య మూడింటినీ ఒకే ఫ్రేములో సర్దింది. బాగా కుదరలేదు. రోసమ్మ వెనక నీలం, కొడుకుల వెనక ఆకుపచ్చ. అతను చూసి, సరేనని సంతకం పెట్టాడు.

చర్చి తిరునాళ్ల రోజున పుస్తకం వచ్చింది. త్రేస్య వెళ్లింది, కురువిల సార్ భార్యతో కలిసి. ఉడికించిన కర్రపెండలం, చేపల కూర వడ్డించే పందిట్లో జనం ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో పేజీలు తిప్పారు. నూటపదిహేడో నంబరు గడిని చాలామంది చూశారు. కొందరు అన్నదమ్ములు కలిసిపోయారనుకుని అభినందించబోయి మొహాలు చూసి వెనక్కి తగ్గారు. వాళ్లు కలవలేదు. ఆ రోజు కూడా పందిట్లో ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చున్నారు.

జూన్ వానలకి ముందు ఏలియామ్మ పాతింటి తాళం తీయించింది. పుస్తకంలో ఆ ఇంటి పేరు మీద ఉన్నాక అక్కడ ఉండకపోతే అబద్ధం అవుతుందని ఎవరు అడిగినా చెప్పింది. అవిరాచన్ మనుషుల్ని పెట్టి కప్పు మీద పెంకులు సర్దించాడు. బేబిచ్చన్ కరెంటు వైర్లు కొత్తవి వేయించాడు. ఒకరు సోమవారం వస్తే ఇంకొకరు బుధవారం వచ్చారు. వంటకీ తోడుకీ ఒక మనిషిని పెట్టుకున్నారు. ఆ మనిషి జీతంలో సగం ఎవరిదో, మిగతా సగం ఎవరిదో ముసలమ్మే తేల్చింది.

త్రేస్యకి ఆ పుస్తకం గురించి చాలా ఫోన్లు వచ్చాయి, తప్పుల గురించే. రెండు వందల ఆరో ఇంట్లో కొడుకు పేరు కోడలికి పడింది. ఒక ఫోన్ నంబరులో అంకె తగ్గింది. అన్నిటినీ కాగితం మీద రాసుకుని దిద్దుబాట్ల పట్టీ తయారుచేసింది. ఆఖరున ఏలియామ్మ పక్కింటివాళ్ల ఫోన్‌లోంచి చేసింది.

"అమ్మాయ్, నా గడి కింద ఫోన్ నంబరు లేదు."

"మీకు ఫోన్ లేదు కదా అమ్మచ్చీ."

"రేపు కొంటున్నాను. రాసుకో."